తుఫాను సాయంలో సర్కారు ఆర్డర్లు: మన జిల్లాల చిన్న వ్యాపారికి ఏ దారి సరిపోతుంది?

2019 సంక్రాంతికి ముందు శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు జనరేటర్లు కిరాయికి తిప్పే ఒకాయన నా దగ్గరికి ఒక నోటు పుస్తకం తెచ్చాడు. అంతకు మూడు నెలల ముందు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా పడిపోయి, మంచినీళ్ల ట్యాంకులకు నీళ్లెక్కించే దిక్కు లేకపోయింది. ఈయన జనరేటర్లే ఊరూరా తిరిగి మోటార్లు ఆడించాయి. ఏ ఊళ్లో ఎన్ని గంటలు ఆడింది, ఎన్ని లీటర్ల డీజిలు పోశాడు, అన్నీ పెన్సిలుతో రాసిపెట్టుకున్నాడు. లేనిదల్లా ఒక్కటే, ఆ జనరేటర్లు పెట్టమని చెప్పిన కాగితం.

"అప్పుడు ఫోను మీద ఫోను బాబూ. ఇప్పుడు నేను చేస్తే ఎత్తట్లేదు" అన్నాడు. చెప్పిన అధికారి బదిలీ మీద వెళ్లిపోయాడు. చివరికి బిల్లు వచ్చింది గానీ, కిరాయి వరకే. డీజిలు డబ్బు ఆయన జేబులోంచే పోయింది.

శ్రీకాకుళంలో చిన్న వ్యాపారాల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూసుకోవడం నా పని. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎవరో ఒకరు వచ్చి, ఈసారి తుఫాను వస్తే గవర్నమెంటుకి సరుకు ఇద్దామనుకుంటున్నాం, ఏ దారిలో వెళ్తే మంచిది అని అడుగుతారు. అందరూ మొదట అడిగేది రేటు గురించే. నేను రేటు పక్కన పెట్టి మూడు విషయాలు అడుగుతాను. ఆర్డరు మీద ఎవరి సంతకం ఉంటుంది? డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? మీ సొంత సొమ్ము ఎన్ని రోజులు బయట నిలబెట్టగలరు? వీటికి జవాబు దొరికితే దారి దానంతటదే తేలుతుంది.

మన తీరానికి తుఫాను కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. అయినా వరసగా రెండు మూడేళ్లు ఏమీ రాకుండా పోవచ్చు. అందుకే తుఫాను ఆర్డర్లను నమ్ముకుని కొత్త మిషను కొంటానంటే నేను ఒప్పుకోను. ఏడాది పొడవునా మీకు పని పెట్టే సరుకుతోనే ఈ బరిలోకి దిగాలి.

ముందు పద్దు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. తుఫాను సాయానికి ప్రధానంగా డబ్బు వచ్చేది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. మన రాష్ట్రానికి ఇందులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. పునరావాస కేంద్రాల్లో భోజనాలు, తాగునీరు, పడవల కిరాయి, పడ్డ చెట్లు తీయించడం, రోడ్లకూ నీటి పథకాలకూ తక్షణ మరమ్మతులు దీని కిందికి వస్తాయి. కొట్టుకుపోయిన కల్వర్టు స్థానంలో కొత్తది కట్టడం ఈ తక్షణ సాయం కిందికి రాదు, దానికి ఆ శాఖ విడిగా డబ్బు తెచ్చుకోవాలి. మీరు ఇచ్చేది మొదటి రకమా, రెండో రకమా అన్నదాన్ని బట్టి ఎదురుచూపు మారుతుంది.

ఫోను మీద వచ్చే ఆర్డరు

కళింగపట్నంలో హెచ్చరిక జెండా ఎగరేశాక వచ్చే ఫోను ఇది. ఎమ్మార్వో ఆఫీసు నుంచో, ఎంపీడీవో నుంచో, మున్సిపాలిటీ నుంచో. "రాత్రికి రెండు వేల వాటర్ ప్యాకెట్లు కావాలి", "స్కూల్లో మూడొందల మందికి వండాలి", "రోడ్డు మీద చింతచెట్టు పడింది, రంపం మిషను పంపించు."

టెండరు లేకుండా ఇలా కొనడం తప్పు కదా, రేపు ఆడిట్‌లో పట్టుకుంటారేమో అని కొందరు భయపడతారు. భయం అక్కర్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షను ఉన్నదే దీనికోసం. రక్షణ, సహాయ పనులకు వెంటనే సరుకు కావాలని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ భావిస్తే, అత్యవసర కొనుగోలుకు ఒక శాఖకు అనుమతి ఇవ్వొచ్చు. అప్పుడు టెండరు పిలవాలనే నిబంధన మాఫీ అయినట్టే లెక్క. జిల్లా అథారిటీకి అధ్యక్షుడు కలెక్టరు. ఆ సెక్షనులోనే ఇంకో మాట ఉంది. ఆ సరుకు వాడినట్టు, ఆ అథారిటీ నుంచి అధికారం పొందిన అధికారి రాసిచ్చిన ధ్రువపత్రమే లెక్కలకు చెల్లుబాటయ్యే ఓచరు అవుతుంది.

సరఫరాదారుడికి ప్రాణం ఆ రెండో మాటలో ఉంది. మీకు కావలసింది పెద్ద ఒప్పందం కాదు. ఫలానా సరుకు, ఇంత, ఫలానా చోట, ఫలానా తేదీన అందింది, వాడాం అని ఒక బాధ్యత గల అధికారి పేరు, హోదాతో సంతకం చేసిన కాగితం. గాలివానలో కరెంటు, నెట్టు ఉండవు కాబట్టి కార్బను పెట్టి రాసే డూప్లికేటు చలానా పుస్తకం దగ్గరుంచుకోండి. లోడు దింపిన చోట వీఆర్వో గానీ పంచాయతీ సెక్రటరీ గానీ ఎవరుంటే వాళ్ల చేత అక్కడే సంతకం పెట్టించుకోవాలి. పొట్టి సంతకం ఒక్కటే ఉంటే నాలుగు నెలల తర్వాత అదెవరిదో ఎవరికీ గుర్తుండదు. కింద పేరు విడమరిచి రాయించండి. ఫోను చేసిన అధికారిని వాట్సాప్‌లో ఒక లైను పెట్టమనండి. ఆయన తీరిక లేక పెట్టకపోతే మీరే పెట్టండి. "సార్, మీరు ఇప్పుడు చెప్పినట్టు కవిటికి రెండు జనరేటర్లు పంపుతున్నాను, డీజిలు విడిగా, గంటకు ఇంత." ఆయన "ఓకే" అంటే చాలు, అది లేని దానికంటే నూరు రెట్లు నయం.

ఈ దారిలో ధరావతు కట్టక్కర్లేదు, డిజిటల్ సంతకం అక్కర్లేదు, పోటీ కూడా తక్కువే. ఇబ్బంది డబ్బు వచ్చే రోజు గురించే. ఒక లెక్క చూడండి. విశాఖలో 4 లక్షలకు టార్పాలిన్లు కొన్నారనుకుందాం, మీకు మిగిలేది 24 వేలు. ఆ 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకి 8 వేలు. మూడు నెలలు దాటిన రోజు నుంచి మీరు గవర్నమెంటుకి ఉచితంగా టార్పాలిన్లు ఇచ్చినట్టు. నేను చూసినంతలో ఇలాంటి బిల్లు మూడు నెలల్లో చేతికొస్తే త్వరగా వచ్చిందని సంతోషిస్తారు.

ఇంకో చిక్కు మన తుఫానులు వచ్చే నెలతోనే ఉంది. అక్టోబరులో సరుకు ఇస్తే, తాసీల్దారు నుంచి కలెక్టరేటుకి, అక్కడ ప్రొసీడింగ్స్ అంటే మంజూరు ఉత్తర్వు, ఆ తర్వాత సీఎఫ్ఎంఎస్‌లో (రాష్ట్ర సర్కారు బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ) బిల్లు పెట్టడం, ఇలా తిరిగేసరికి జనవరి, ఫిబ్రవరి అవుతుంది. మార్చి 31 దాటిందంటే ఆ ఏటి బడ్జెట్టు మురిగిపోతుంది, బిల్లు మళ్లీ కొత్తగా పెట్టించుకోవాలి. కాబట్టి నవంబరు లోపే బిల్లు, చలానాలు, ధ్రువపత్రం ఒక కట్టగా కట్టి ఇచ్చేసి, ఇచ్చినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. సీఎఫ్ఎంఎస్ ఐడీ లేకపోతే డబ్బు పడదు. అది తుఫాను లేని రోజుల్లోనే చేయించుకోవచ్చు.

అందుకని నా వాళ్లకు నేను పెట్టే గీత ఇది. ఫోను ఆర్డరుకి మీరు ఆరు నెలలు మర్చిపోగలిగినంత సొమ్ము వరకే దిగండి. కిరాణా హోల్‌సేల్ అతనికి అది లక్ష కావచ్చు, వాటర్ ప్లాంటు అతనికి పాతిక వేలు కావచ్చు. వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం వద్దు.

సీజనుకి ముందే రేటు ఒప్పుకోవడం

నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇది, జనం తక్కువ వాడేదీ ఇదే. అక్టోబరు రాకముందు తుఫాను సన్నద్ధత సమావేశాలు జరుగుతాయి. జేసీబీలు, ట్రాక్టర్లు, రంపం మిషన్లు, జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లు, పడవలు ఎవరి దగ్గరున్నాయో శాఖలు జాబితాలు రాసుకుంటాయి. కొన్నిచోట్ల కొటేషన్లు పిలిచి రేటు కూడా ఖరారు చేస్తారు. మున్సిపాలిటీ, గ్రామీణ నీటి సరఫరా, రోడ్లు భవనాలు, కరెంటు శాఖ, ఎవరి అవసరం వాళ్లది. ఆ జాబితాలో మీ పేరుంటే తుఫాను రోజు వచ్చే ఫోనుకి వెనకాల ఒక కాగితం ఉన్నట్టే. రేటు మీద తర్వాత గొడవ ఉండదు, బిల్లు రాసే గుమాస్తాకి పని సులువు.

జూన్, జూలైల్లో ఒక అర్జీ పట్టుకెళ్లండి. మీ దగ్గరున్న సామాను, దాని సామర్థ్యం, రేటు, జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా, బండి కాగితాలు అన్నీ జతచేసి ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు రాయించుకోండి. పిలవని పేరంటంలా అనిపించొచ్చు. అధికారికి కూడా అవసరమే కాబట్టి కాదనరు.

రేటు రాసేటప్పుడే తెలివి చూపాలి. జేసీబీ గంట రేటు రాస్తారు, కానీ గంట ఎక్కడ మొదలవుతుంది? టెక్కలిలో మీ షెడ్డు దగ్గర బయల్దేరినప్పుడా, నందిగాం దాటి చెట్టు పడ్డ చోటికి చేరినప్పుడా? దారిలోనే నాలుగు చోట్ల చెట్లు అడ్డం ఉంటే ఆ నాలుగు గంటలు ఎవరివి? బండి పంపాక పని లేక ఖాళీగా నిలబెడితే? ఇవన్నీ ముందే రాసుకోవాలి. బయల్దేరిన దగ్గర్నుంచి గంట లెక్క, రోజుకి కనీసం ఇన్ని గంటలు, డీజిలు ఆ రోజు బంకు ధర ప్రకారం విడిగా, డ్రైవరు బత్తా, భోజనం ఎవరిది. సోంపేట ఆయనకి పోయింది ఆ "డీజిలు విడిగా" అన్న రెండు మాటలే.

ఇందులో లోటు లేదని కాదు. రేటు కట్టుబడి ఉండాలి. తుఫాను తర్వాత బయట మార్కెట్లో రంపం మిషనుకి రెట్టింపు ఇస్తామన్నా, మీరు ఒప్పుకున్న రేటుకే ముందు సర్కారు పనికి వెళ్లాలి. వెళ్లకపోతే వచ్చే ఏడాది జాబితాలో పేరుండదు. పైగా జాబితాలో ఉన్నంత మాత్రాన పని వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. నాలుగేళ్లు ఖాళీగా పోవచ్చు. అయినా మీకు పోయేదేముంది, ఒక అర్జీ, ఒక పూట.

గండ్లు, రోడ్లు, స్తంభాలు: టెండరు పనులు

నీళ్లు తీశాక మొదలయ్యే పని ఇది. నాగావళి, వంశధార, చంపావతి గట్లకు పడ్డ గండ్లు పూడ్చడం, తెగిన రోడ్లు, కొత్త స్తంభాలు. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు వస్తుంది. కాంట్రాక్టరుగా తరగతి రిజిస్ట్రేషను, డిజిటల్ సంతకం, ఈఎండీ అంటే ధరావతు సొమ్ము కావాలి. అందరూ అంచనా ధర మీద ఎంత లెస్‌కి, అంటే ఎంత తక్కువకి, వేయాలా అని చూస్తారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీసి ఎం బుక్‌లో (కొలతల పుస్తకం) రాస్తేనే బిల్లు, అందులోంచి కొంత పట్టి ఉంచి నిర్వహణ గడువు తీరాక ఇస్తారు.

పనుల్లో పాతబడిన వాళ్లకి ఇదంతా వెన్నతో పెట్టిన విద్య. కొత్తవాళ్లకి తుఫాను టెండరుతో మొదలుపెట్టమని నేను చెప్పను. గడువు తక్కువ, మెటీరియల్ రేట్లు మండిపోతుంటాయి, కూలీలు దొరకరు, అంచనా వేసిన ధర మామూలు రోజులది. ఆ పరిస్థితిలో ఇరవై శాతం లెస్‌కి వేసినవాడు గండిలో తన సొమ్మే పోసి పూడుస్తాడు.

కాకపోతే గండి పూడ్చే కాంట్రాక్టరుకి ఏం కావాలో చూడండి. సరుగుడు బాదులు, ఇసుక నింపడానికి ఖాళీ గోతాలు, గ్రావెల్, ట్రాక్టర్లు. పూసపాటిరేగ, భోగాపురం తీరంలో సరుగుడు తోటలున్నాయి. గోనె సంచులంటే జూట్ మిల్లులకు పేరుపడ్డ విజయనగరం ఉండనే ఉంది. టెండరు వేయకుండానే ఈ డబ్బులో మీ వాటా దొరుకుతుంది. తర్వాతి దారి అదే.

పెద్ద కాంట్రాక్టరు కింద

ఇందులో మంచి ఏమిటంటే, గవర్నమెంటు కాగితాల గొడవంతా అతనిది. మీకు కావలసింది బయానా, మిగతాది ఎప్పుడన్న మాట. చెడు ఏమిటంటే, సర్కారు లెక్కల్లో మీ పేరు ఎక్కడా ఉండదు. అతను ఎగ్గొడితే మీరు ఏ ఆఫీసుకీ వెళ్లి అడగలేరు. "నాకు బిల్లు రాగానే నీకు ఇస్తాను" అన్న షరతుకి మాత్రం ఒప్పుకోకండి. అతని బిల్లు ఆగడానికి వంద కారణాలుంటాయి, వాటిలో ఒక్కటీ మీ చేతిలో ఉండదు. సగం బయానా, మిగతా సగం సరుకు దింపిన పదిహేను రోజుల్లో, అది కూడా రాతలో. ఆ రోజుల్లో అతనికి మీ గోతాలు కావాలి కాబట్టి బేరం మీ వైపే ఉంటుంది. వారం తర్వాత ఉండదు.

మీరు తయారీదారో, సేవలు ఇచ్చేవాళ్లో అయి ఉద్యమ్ రిజిస్ట్రేషను (కేంద్రం దగ్గర చిన్న సంస్థల నమోదు) ముందే ఉంటే ఇంకో ఆసరా ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి. ఎంత ఒప్పుకున్నా ఆ గడువు 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ, నెలనెలా కలిపి. ఈ నిబంధన సర్కారు ఆఫీసులకీ వర్తిస్తుంది. అయితే రేపు మళ్లీ ఆర్డరు కావలసిన ఆఫీసు మీద వడ్డీ కేసు పెట్టే చిన్న వ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు. కాంట్రాక్టరు మీద అయితే ఒక నోటీసు బాగానే పనిచేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. కొని అమ్మే వ్యాపారులకు, అంటే హోల్‌సేల్, రిటైల్ దుకాణాలకు, 2021 జూలై నుంచి ఉద్యమ్‌లో చోటిచ్చారు గానీ అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యానికి మాత్రమే. 45 రోజుల రక్షణ, టెండర్లలో రాయితీలు వాళ్లకు రావు. విశాఖ నుంచి టార్పాలిన్లు తెచ్చి అమ్మేవాడికి లేనిది, ఇక్కడే టార్పాలిన్లు కుట్టేవాడికి ఉంటుంది. వాటర్ ప్లాంటుకి ఉంటుంది, వాటర్ బాటిళ్ల డీలరుకి ఉండదు. ఉద్యమ్ రిజిస్ట్రేషను పూర్తిగా ఉచితం. మూడు వేలు, అయిదు వేలు తీసుకుని చేసిపెడతామనే ఏజెంట్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

జెమ్ పోర్టల్

కేంద్రం 2016లో మొదలుపెట్టిన కొనుగోలు పోర్టల్ ఇది. అమ్మకందారుగా చేరడం ఉచితం. పాన్, ఆధార్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. నియమం ప్రకారం సరుకు అందాక 10 రోజుల్లో కొనుగోలుదారు ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి, ఆ తర్వాత 10 రోజుల్లో డబ్బు వేయాలి. పై దారులన్నిటిలో డబ్బు వచ్చే రోజు ఇంత స్పష్టంగా రాసి ఉన్నది ఇదొక్కటే.

మరి దీన్నే మొదట ఎందుకు చెప్పలేదంటే, తుఫాను రోజు రాత్రి ఎమ్మార్వో జెమ్ తెరిచి టార్పాలిన్లు కొనడు. జెమ్ తుఫాను ముందు పనికొస్తుంది, తర్వాత పనికొస్తుంది, ఆ వారంలో పెద్దగా పనికిరాదు. రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు, తాళ్లు, రంపాలు, లైఫ్ జాకెట్లు లాంటి నిల్వ సామాను ఆఫీసులు తాపీగా కొనేటప్పుడు దీని వంతు వస్తుంది. రైల్వే, నేవీ లాంటి కేంద్ర సంస్థలు దీనిమీద కొంటాయి, విశాఖ మనకు పక్కనే. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానం ఉంది. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారులకు, 3 శాతం మహిళలకు. ఈ కోటా కూడా తయారీ, సేవల వాళ్లకే.

పోటీ మాత్రం దేశమంతటితో. లూథియానా, సూరత్‌ల నుంచి వేసే రేటుతో మీరు పోటీ పడలేని సరుకు పెట్టి ప్రయోజనం లేదు. బరువెక్కువ, ధర తక్కువ ఉండి, రవాణా ఖర్చే మీకు కోటగోడలా నిలిచే సరుకు చూసుకోండి.

మీరు కోరుకోకుండా వచ్చేది

ఇది ఎంపిక కాదు గానీ లారీలు, బస్సులు, పడవలు ఉన్నవాళ్లు తెలుసుకోవాలి. విపత్తు చట్టం 65వ సెక్షను కింద అధికారులు రక్షణ పనికి మీ బండిని, మీ భవనాన్ని రాతపూర్వక ఉత్తర్వుతో స్వాధీనం చేసుకోవచ్చు. 66వ సెక్షను ప్రకారం బండికి ఆ ప్రాంతంలో నడుస్తున్న కిరాయిని బట్టి పరిహారం ఇవ్వాలి. చాలదనిపిస్తే గడువులోగా మధ్యవర్తికి పంపమని అడగొచ్చు. ఉత్తర్వు కాపీ, బండి తీసుకున్నప్పుడూ ఇచ్చినప్పుడూ మీటరు ఫొటో, ఇవి ఉంటే సరి.

ఇంతకీ ఎవరికి ఏది?

టెంట్ హౌస్, వంట మేస్త్రీలు ఫోను ఆర్డరుకే తయారుగా ఉండాలి, వాళ్ల పనికి వేరే దారి లేదు. వాళ్లకొక మేలు కూడా ఉంది. పాత్రలు, షామియానాలు తిరిగి వచ్చేస్తాయి, చిక్కుకునేది బియ్యం, కూరల డబ్బే. ఎంతమంది తిన్నారన్న లెక్క పూటపూటకీ పునరావాస కేంద్రం ఇన్‌ఛార్జి చేత సంతకం చేయించుకోవాలి. ఇరవై పూటలకి ఒకేసారి చివర్లో రాయిస్తే ఆ అంకెను ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

జేసీబీ, రంపం మిషను, జనరేటరు, ట్యాంకరు వాళ్లు రేటు జాబితాకి వెళ్లాలి, ఆలోచించక్కర్లేదు. కిరాణా హోల్‌సేల్ వాళ్లు కొంచెం ఫోను ఆర్డరు, అది కూడా సరుకు అరువు మీద దొరికితేనే. బాదులు, గోతాలు, గ్రావెల్ ఉన్నవాళ్లకి కాంట్రాక్టరు. ఏదైనా కుట్టేవాళ్లు, తయారుచేసేవాళ్లు ఉద్యమ్ తీసుకుని జెమ్‌లో చేరి, అది ఫలించేదాకా రెండేళ్లు ఓపిక పట్టాలి.

ఇచ్ఛాపురం, పాతపట్నం వాళ్లకి ఒక హెచ్చరిక. సరిహద్దు అవతల బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి కూడా ఇలాంటి రోజుల్లో పిలుపులొస్తాయి. మీరు జీఎస్టీలో కాంపోజిషన్ (చిన్న వ్యాపారులకు తక్కువ రేటు పన్ను పథకం) కింద ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మడానికి వీల్లేదు. ఆపదలో ఉన్నవాళ్లకే కదా ఇచ్చాం అంటే జీఎస్టీ వాళ్లు వినరు.

కోతల గురించి ఒక్క మాట. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే సర్కారు ఆఫీసు 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోస్తుంది. అది పోయే డబ్బు కాదు, జీఎస్టీ పోర్టల్‌లో మీరు ఒప్పుకుంటే మీ క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. చాలామంది ఆ బటన్ నొక్కడం మర్చిపోయి, సర్కారు తినేసిందని తిట్టుకుంటూ ఉంటారు. వంట లాంటి పనులకి వ్యక్తులైతే ఆదాయపు పన్ను టీడీఎస్ 1 శాతం, రిటర్ను వేస్తే అదీ లెక్కలోకి వస్తుంది.

రేటు ఎంత వేయాలని ఇంకా అడిగేవాళ్లున్నారు. ఆ వారం బజారులో కొవ్వొత్తి కట్ట రేటు ఎంతకి పోయినా మీ బిల్లులో తుఫాను ముందు రేటు మీద మామూలు లాభమే చూపండి. ఎక్కువకి కొన్నదైతే ఆ కొన్న బిల్లు జతచేయండి. రెండేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చిందంటే ఆ అధికారి సమాధానం చెప్పుకోలేక మీ పేరే చెప్తాడు. ఊళ్లో వాళ్లు ఆడిట్ కంటే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు.

సోంపేట ఆయన ఇప్పుడు చలానా పుస్తకాలు అచ్చు వేయించుకున్నాడు. "డీజిలు విడిగా" అన్న మాట అందులో లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. గులాబ్ తుఫాను రాత్రి ఆఫీసు నుంచి ఫోను వస్తే, "వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి సార్, ఈలోగా నేను బండికెక్కిస్తుంటాను" అన్నాడట. లైను వచ్చేసరికి జనరేటరు ఊరు దాటేసింది.